అద్దె కారుతో యూరప్‌లో సరిహద్దు దాటాలంటే

కారు బుక్ చేసేటప్పుడే ఏయే దేశాలకు వెళ్తారో చెప్పండి. ఆ పేర్లు ఒప్పంద పత్రంలో రాసి ఉండాలి, కౌంటర్‌లో నోటిమాట చాలదు. అనుమతి లేని దేశంలో ప్రమాదం జరిగితే బీమా వర్తించకపోవచ్చు, నష్టమంతా మీ నెత్తిన పడుతుంది. కారు ఒక దేశంలో తీసుకుని మరో దేశంలో అప్పగిస్తే వన్‌వే రుసుము బాగా ఎక్కువ, ఒక్కోసారి అద్దెనే మించిపోతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది విన్యెట్ దగ్గరే, అంటే మోటార్‌వేలు (వేగ రహదారులు) వాడుకోవడానికి ముందే కొనాల్సిన టోల్ స్టిక్కర్ లేదా దాని డిజిటల్ రూపం. స్విట్జర్లాండ్ మోటార్‌వేల మీద అది తప్పనిసరి. వెల 40 ఫ్రాంకులు, ఏడాదికి చెల్లే ఒకటే రకం ఉంటుంది. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విన్యెట్ కూడా కొనాలి. స్విస్ నంబరు కార్లకు మామూలుగా ముందే ఉంటుంది, పక్క దేశంలో తీసుకున్నవాటికి ఉంటుందని అనుకోకండి. ఆస్ట్రియా, స్లొవేనియా, హంగరీల్లోనూ విన్యెట్ కావాలి.

డిజిటల్ విన్యెట్ కారు నంబరుకే ముడిపడి ఉంటుంది. కాబట్టి కారు చేతికొచ్చాకే, నంబరు ప్లేటు ఎదురుగా నిలబడి చూస్తూ కొనండి. సున్నా బదులు 'ఓ' అక్షరం కొట్టినా, నంబరు ఏ దేశానిదో తప్పుగా ఎంచుకున్నా కెమెరా లెక్కలో మీ దగ్గర విన్యెట్ లేనట్టే. రసీదు ఫోన్‌లో దాచుకోండి. జరిమానా నోటీసు అద్దె కంపెనీ ద్వారా నెలల తర్వాత కూడా రావచ్చు, దాని మీద వాళ్ల ప్రాసెసింగ్ రుసుము అదనం.