అచావోలో నీలం గుడ్లు

దక్షిణ చిలీలో, చిలోయే దీవుల్లో అచావో అని చిన్న ఊరుంది. అక్కడ చర్చి చూసుకుని సాయంత్రానికి తిరిగి కాస్త్రో పట్నం చేరిపోదామనుకున్నాను. ఆదివారం తిరుగు బస్సులు తక్కువని పొద్దున డబ్బులు తీసుకున్నతను ఒక్క ముక్క చెప్పలేదు. గంటన్నర ప్రయాణానికి మూడు వేల పెసోలు, మన డబ్బుల్లో రెండొందల అరవై పైనే. దాల్కావే దగ్గర బస్సును పంటు మీదికి ఎక్కించి కిన్చావో దీవికి దాటిస్తారు, అది ఐదు నిమిషాల పని. చిలోయే పెద్ద దీవిలోకి రావడానికి అంతకు ముందే పార్గువా నుంచి ఇంకో పంటు దాటి ఉన్నాను. ఇన్ని నీళ్లు దాటి వచ్చి బస్టాండులో వానకు తడుస్తూ రెండు గంటలు నిలబడితే, ఎదురు కొట్లో అమ్మాయి బయటికొచ్చి "ఇక రేపే" అంది. ఏడుపొచ్చినంత పనైంది.

చర్చి బాగుంది. 18వ శతాబ్దంలో కట్టిన చెక్క చర్చి, 2000లో యునెస్కో జాబితాకెక్కిన పదహారింటిలో ఒకటి. కానీ నేను రాయాలనుకున్నది దాని గురించి కాదు.

ఆ కొట్టమ్మాయే ఊరి చివర ఒక ఇల్లు చూపించింది. గోడలకు చేప పొలుసుల్లా చెక్క పెంకులు కొట్టి ఉన్నాయి. గేటు తియ్యగానే ఒక గోధుమరంగు ఊరకుక్క ఎదురొచ్చింది. ఇలాంటి కుక్కను చిలీలో 'కిల్త్రో' అంటారు, అక్కడి ఆదివాసులైన మపూచే వాళ్ల మాట. దీని పేరు కనేలా, అంటే దాల్చినచెక్క. ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. రాత్రికి ఇరవై వేల పెసోలంది, పొద్దున ఫలహారంతో కలిపి. పదిహేడొందల రూపాయలు! బేరమాడే ఓపిక లేదు, లోపలికెళ్లాను.

మర్నాడు ఆ ఫలహారంలో వచ్చిన గుడ్డు చూసి మాట పడిపోయింది. నీలం. లేత ఆకాశం రంగు. రంగు వేశారేమో అనుకున్నాను. నా మొహం చూసి ఆవిడ ఒక పెంకు చేతికిచ్చి లోపల చూడమంది. లోపలా నీలమే. మన ఎర్ర గుడ్లకు రంగు పైపైనే ఉంటుంది, లోపల తెలుపు. ఈ దక్షిణ చిలీ నాటుకోళ్లకు పెంకు మొత్తం రంగే. ఎప్పుడో ఒక వైరస్ వీటి జన్యువుల్లో చేరి ఉండిపోవడం వల్ల పైత్యరసంలోని ఆకుపచ్చ పదార్థం పెంకులో కలుస్తోందని 2013లో తేల్చారు. రుచి మాత్రం మామూలు నాటుకోడి గుడ్డే. పచ్చసొన బంతిపువ్వులా ఉంది.

ఆ రోజు బస్సు ఉంది. నేనే ఎక్కలేదు. వాన ఒక కారణం, పెరట్లో కోళ్లు ఇంకో కారణం. మూడు రోజులున్నాను.

పొద్దున ఏడింటికి ఆవిడ బూట్లు తొడుక్కుని, ఉడికిన బంగాళదుంప తొక్కల్లో గోధుమ తవుడు కలిపి, "పియో పియో పియో" అంటూ పెరట్లోకి వెళ్తుంది. పద్నాలుగు పెట్టలు, ఒక పుంజు పరుగున వస్తాయి. నాలుగు పెట్టలకు తోకే లేదు, వెనక గుండ్రంగా నున్నగా ఉంటాయి. రెండింటికి చెవుల దగ్గర ఈకలు కుచ్చులుగా పొడుచుకొచ్చి, జూకాలు పెట్టుకున్నట్టున్నాయి. పుంజుకు మాత్రం జూకాల్లేవు. కావాలనే అలాంటి పుంజును ఉంచానంది. జూకాల పుంజునూ జూకాల పెట్టనూ కలిపితే గుడ్లలో కొన్ని పిల్లలు లోపలే చచ్చిపోతాయట. ఇది నిజం. ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే పిల్ల బతకదు. ఆవిడ దాన్ని పుస్తకంలో చదవలేదు, వాళ్లమ్మ చెప్పింది.

అమలాపురం దగ్గర మా ఊళ్లో నాయనమ్మా అంతే. సాయంత్రం గంప కింద కోళ్లను మూస్తూ ఒక్కోదాన్నీ పేరుపేరునా తిట్టేది. తిట్టకపోతే ఆ కోడికి ఒంట్లో బాగోలేదని అర్థం. ఆవిడ పోయాక ఆ గంప అటక మీదికి పోయింది. పన్నెండేళ్లుగా నేను కోడిని కూరలో తప్ప చూసింది లేదు.

రెండో రోజు ఇంటావిడ గూట్లోంచి గోళీకాయంత గుడ్డు తీసింది. పచ్చసొన లేని గుడ్డట. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, తిన్నగా వంటింట్లోకొచ్చి కట్టెల పొయ్యి మూత తీసి నిప్పుల్లో పడేసింది. అలాంటి గుడ్డు వదిలేస్తే అందులోంచి బసిలిస్కో అనే పాములాంటి భూతం పుడుతుంది, ఇంటి అడుగున చేరి రాత్రిళ్లు నిద్రపోయేవాళ్ల ఊపిరి పీల్చేస్తుంది అంది. వాదించాలనిపించలేదు. పెట్ట కూత కూసిందని నాయనమ్మ ఒక మంచి పెట్టను ఆ పూటే కోయించేసింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. తియుకే అని ఇక్కడ ఊరూరా తిరిగే గోధుమరంగు గద్ద ఉంది. అది కంచె మీద వాలగానే పిల్లల తల్లి గొంతు మార్చి ఒక్క అరుపు అరిచింది. పిల్లలన్నీ రెక్కల కిందికి దూరాయి. కనేలా లేచి, మొరగకుండా, తల్లికీ కంచెకూ మధ్య వెళ్లి కూర్చుంది. అంతే. గద్ద ఎగిరిపోయేదాకా కదల్లేదు. ఆ కుక్కకు వంటింటి గడప దాటే అనుమతి లేదు. పొయ్యి వెనక వెచ్చని చోటు పిల్లిది. దాని పక్కన చెక్కపెట్టెలో పదకొండు గుడ్ల మీద ఒక పెట్ట పొదుగుతోంది. పిల్లి దాని వంక చూడను కూడా చూడదు.

రాత్రి ఆవిడ కరెంటు పోయినప్పుడు వాడే టార్చి తెచ్చి, పెట్ట కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసి వెలుతురుకు పట్టింది. నాయనమ్మ ఎండకు పట్టేది. నీలం పెంకులోంచి వెలుతురు సరిగా రాదు, కళ్లు చికిలించి చూడాలి. లోపలంతా నల్లగా, ఒక పక్క మాత్రం గాలిబుడగ. ఆ నలుపు ఒక్కసారి కదిలింది. "సింకో దియాస్" అంది ఐదు వేళ్లు చూపిస్తూ. ఐదు రోజులు. నాకు సెలవు ఒక్క రోజే మిగిలింది.

వెళ్తుంటే నాలుగు గుడ్లు ఉన్ని మేజోడులో పెట్టి ఇచ్చింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టింది. మొదటి రోజు ఇరవై వేలు ఎక్కువని మనసులో గొణుక్కున్నది గుర్తొచ్చి, "గ్రాసియాస్, సెన్యోరా" అనడానికి కూడా గొంతు సరిగా రాలేదు. పంటు మీద ఆ మేజోడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కటీ పగల్లేదు.

సాంటియాగో వచ్చాక అమ్మకు ఫోన్లో చెబితే ముందు అడిగింది ఒకటే: "పొదుగులో పెట్టినవి ఎన్ని లేచాయి?"

వారం తర్వాత వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. చెక్కపెట్టెలో ఎనిమిది పిల్లలు, పక్కన పగిలిన నీలం పెంకులు. ఒక పిల్లకు చెవి దగ్గర చిన్న కుచ్చు. ఆ ఫొటో అమ్మకు పంపాను. అమ్మ దాన్ని పెద్దది చేసి, లెక్కపెట్టి, నాన్నను పిలిచి చూపించింది.