రొయ్యల ప్యాకెట్ కవరు అప్పుడే పారేయకండి

రొయ్యలు రికాల్ చేశారనగానే (అంటే అమ్మిన సరుకును వెనక్కి రప్పించారనగానే) మన గ్రూపుల్లో వినిపించే మాట ఒకటే, "మనం బాగా ఉడికించుకుంటాం కదండీ, మనకేం కాదు" అని. అందులో సగమే నిజం.

2021 జూన్‌లో మన ఆంధ్రా కంపెనీయే, అవంతి ఫ్రోజెన్ ఫుడ్స్, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉందన్న అనుమానంతో అమెరికాలో అమ్మిన రొయ్యల్ని వెనక్కి రప్పించింది, ఆగస్టులో ఆ జాబితా ఇంకా పెరిగింది. 9 మందికి జబ్బు చేసింది, ముగ్గురు ఆసుపత్రి పాలయ్యారు, అదృష్టం కొద్దీ ఎవరూ చనిపోలేదు. అవి ముందే ఉడికించి ఫ్రీజ్ చేసినవి. అమెరికా వాళ్లు వాటిని కరగనిచ్చి చల్లగానే సాస్‌లో ముంచుకుని తినేస్తారు, కాబట్టి బ్యాక్టీరియా ఉంటే నేరుగా కడుపులోకే పోతుంది (ఫ్రీజర్ చలికి అది చచ్చిపోదు). అవే రొయ్యల్ని ఇగురు పెట్టుకుంటే ఆ భయం చాలావరకు పొయ్యి మీదే తీరిపోతుంది. కరిగిన నీళ్లు పక్కనున్న కొత్తిమీర మీద చిందకుండా చూసుకోవాలి, అంతే.

కానీ 2025 ఆగస్టు సంగతి వేరు. ఇండోనేషియా నుంచి ఒక కంపెనీ పంపిన కంటైనర్లలో అమెరికా ఓడరేవుల దగ్గర సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడింది, ఆ కంపెనీ సరుకే కావడంతో వాల్‌మార్ట్ సొంత బ్రాండు గ్రేట్ వేల్యూ పచ్చి రొయ్యల్ని కూడా రికాల్ చేశారు. పరీక్షలో దొరికింది కిలోకు 68 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్), అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టుకున్న హద్దు 1200, పైగా ఆ దొరికిన సరుకు మార్కెట్లోకి రానే లేదు. అంచేత ఎప్పుడో ఒక ప్యాకెట్ తిన్నామని టెన్షన్ పడక్కర్లేదు. అయినా తెలిసి తెలిసి తినడం దేనికి, కడిగినా వేయించినా పోయేది కాదు అది, సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. రంగులోనో వాసనలోనో తేడా కనిపెడదామన్నా కుదరదు.

మరి మన ప్యాకెట్ ఆ జాబితాలో ఉందో లేదో చెప్పేది దాని మీదున్న లాట్ నంబరూ (ఏ విడతలో తయారైందో చెప్పేది), తేదీ మాత్రమే. మనమేమో పెద్ద ప్యాకెట్ తెచ్చి, పూటకింత చొప్పున జిప్‌లాక్ కవర్లలో సర్దేసి, అసలు కవరు చెత్తబుట్టలో పడేస్తాం! ఆ నంబరున్న ముక్క కత్తిరించి రొయ్యలతోపాటే పెట్టండి, లేదా ఫోన్లో ఫొటో తీసుకోండి. నంబరు కలిస్తే వండకుండా షాపులో తిరిగి ఇచ్చేయండి, డబ్బులు వెనక్కిస్తారు.