తిరుపతి సెలవుల్లోనే గేమ్ కచేరీకి చెవి సిద్ధం

వేసవి సెలవులకు పిల్లలు తిరుపతిలో అవ్వాతాతల దగ్గరుండే నాలుగు వారాలున్నాయే, సెప్టెంబరులో అమెరికాలో వినబోయే వీడియో గేమ్ సంగీత కచేరీకి అదే మంచి సాధన కాలం. టికెట్టు కొని, ఆ రోజు కారెక్కిస్తే సరిపోదు. ఆటలో వెయ్యిసార్లు విన్న పాటనే వేదిక మీద నిండు ఆర్కెస్ట్రా వాయిస్తే, పిల్లలు వెంటనే గుర్తుపట్టకపోవచ్చు.

కారణం ఉంది. 1985లో జపాన్ స్వరకర్త కోజీ కొండో సూపర్ మారియో బ్రదర్స్ ఆటకు సంగీతం కట్టినప్పుడు, ఆ ఆట నడిచే నింటెండో యంత్రంలోని చిప్‌కు ఉన్నవి అయిదే ధ్వని మార్గాలు. పాటకు, దాని తోడు స్వరాలకు రెండు, కింది స్థాయికి ఒకటి, డప్పు చప్పుడుకు ఒకటి, రికార్డు చేసిన చిన్న ముక్కలకు ఇంకొకటి. కచేరీలో అదే పాట ఒకసారి వేణువుల్లోకి, ఇంకోసారి ట్రంపెట్లలోకి వెళ్తుంది. పైగా ఆటలో పది నిమిషాలు తిరిగి తిరిగి మోగే పాటకు, చాలా పాటల్ని వరసగా గుదిగుచ్చి వాయించే మెడ్లీలో అర నిమిషమే దక్కవచ్చు. తన లెవెల్ పాట వచ్చి పోయిందని బిడ్డకు తెలిసేలోపే ఇంకొకటి మొదలవుతుంది. అలిగేది అక్కడే.

అందుకే తిరుపతి ఇంట్లో రోజుకు పది నిమిషాలు తెర ఆపేసి పాట మాత్రమే వినిపించండి. తాళం బాధ్యత తాతకు అప్పగించండి. మారియో మొదటి పాటది నాలుగు లెక్కల నడక, రెండు కలిపితే ఆది తాళం ఆవర్తనం. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ-విసురు రెండుసార్లు. ఇక్కడ తప్పు దొర్లడానికి కారణముంది: కొన్ని స్వరాలు లెక్క మీద కాకుండా పక్కన పడతాయి, పిల్లల చెయ్యి వాటి వెంట పరిగెత్తుతుంది. స్వరం ఎటుపోయినా చెయ్యి కదలకూడదని తాత చెబితే బాగా వింటారు. నీళ్లలో ఈదే లెవెల్ పాటది మూడు లెక్కల నడక. దానికి రెండు దెబ్బలు, ఒక విసురుతో రూపకం వేయొచ్చు. ఈ రెండూ చేతికి అలవాటయ్యాకే ఆర్కెస్ట్రా రికార్డింగు పెట్టి, "ఇప్పుడు పాట ఎవరి దగ్గరుంది?" అని అడగండి.

"ఆటల పాటలకు కచేరీ ఏంది?" అని అవ్వ అడిగితే చెప్పడానికి మాటుంది. 1987లోనే స్వరకర్త కోయిచి సుగియామా తన డ్రాగన్ క్వెస్ట్ ఆట సంగీతాన్ని టోక్యోలో ఆర్కెస్ట్రాతో వినిపించారు. సివిలైజేషన్ 4 అనే ఆట కోసం క్రిస్టఫర్ టిన్ కట్టిన 'బాబా యేతు' 2011లో గ్రామీ అందుకుంది, గేమ్ సంగీతానికి అదే మొదటిది. అది స్వాహిలీలో పాడే క్రైస్తవ ప్రార్థన. అర్థం తెలియకపోయినా ఉచ్చారణ తప్పకుండా నేర్చుకునే ఓపిక, అన్నమయ్య కీర్తన నేర్చుకునే బిడ్డకు ముందే ఉంటుంది.

ఈ సెలవుల్లోనే ఒక సాయంత్రం తిరుమల నాదనీరాజనం దగ్గరో, మహతి ఆడిటోరియంలోనో గంటసేపు ఫోను తీయకుండా కూర్చోబెట్టండి. గాత్రం వెంట వయొలిన్ ఎలా నడుస్తుందో చూడమనండి. ఏది గొప్ప అని మాత్రం అడగొద్దు. ఆ ఒక్క ప్రశ్నతో బిడ్డ తన ఇష్టాన్ని మీ ముందు దాచుకోవడం మొదలుపెడుతుంది.

తిరిగి వెళ్లాక కచేరీకి కనీసం పది రోజుల ఎడం ఉంచండి. జెట్ లాగ్‌లో రాత్రి ఎనిమిదికే కళ్లు మూతలు పడతాయి. సీట్లు మరీ ముందు వరుసలో వద్దు: వయొలిన్ల వెనక బాకాలు, తప్పెట్లు కనబడవు, ఆటను చూపే పైనున్న తెర చూసి మెడ నొప్పి పుడుతుంది. బాల్కనీ మొదటి వరుసలు మేలు. మైకులు పెట్టి వాయించే కచేరీలు పెద్ద శబ్దంతో ఉంటాయి, చిన్నపిల్లలకు శబ్దం తగ్గించే చెవి మఫ్‌లు తీసుకెళ్లండి. ఆలస్యమైతే వాయిస్తున్నది ముగిసేదాకా లోపలికి వదలకపోవచ్చు. అన్నం ముందే పెట్టేయండి. పాత్రల వేషం వేసుకెళ్తే, కత్తి, కర్రలాంటివి లోపలికి రానిస్తారో లేదో హాలు నియమాల్లో చూసుకోండి.

వాయించే ముందు ఓబో అనే ఊదే వాయిద్యం ఒక్క స్వరం పట్టుకుంటుంది, తక్కినవాళ్లంతా దానికి సరిచేసుకుంటారు. "తంబురా శ్రుతి లాంటిదే" అని అప్పుడు చెవిలో చెప్పండి. తెర మీది ఆటకు జత కలపాల్సిన చోట ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చెవిలో టిక్ టిక్ మని లెక్క చెప్పే క్లిక్ ట్రాక్ మోగుతుంటుంది, తాత చేతి తాళం పని అక్కడ అది చేస్తోంది.

న్యూజెర్సీలో శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు కచేరీ ముగిస్తే తిరుపతిలో ఆదివారం ఉదయం ఏడు. హాలు బయటి నుంచే ఫోన్ చేయించండి. తాత "బాగుందా?" అని అడిగితే "ఊ" అని ఊరుకుంటారు. "నీళ్ల పాట ఎవరు వాయించినారు రా?" అని అడగమని ఆయనకు ముందే చెప్పి ఉంచండి.