కేబుల్ గ్లాండ్లకు ఈటిమ్ కోడ్లు: ఆటోనగర్ నుంచి నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో మాకు ఇత్తడి కేబుల్ గ్లాండ్లు, అంటే ప్యానెల్ పెట్టెలోకి వెళ్లే చోట కేబుల్‌ను బిగించి పట్టే బిగింపులు, తయారు చేసే చిన్న యూనిట్ ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక టోకు వ్యాపారి ఈటిమ్ కోడ్లతో అడిగిన డేటా ఫైలును వారి సిస్టమ్ నిన్న సాయంత్రం ఒక్క తప్పు కూడా చూపకుండా స్వీకరించింది. ఆ ఊరట చల్లారకముందే, అంతకుముందు పడ్డ అవమానం మరుపునకు రాకముందే ఇది రాస్తున్నాను. ఐరోపాకు విద్యుత్ సామగ్రి పంపాలనుకునే మనవాళ్లలో చాలామందికి సరుకు నాణ్యత దగ్గర కాక ఈ ఫైలు దగ్గరే అడ్డం పడుతుందని నాకు ఇప్పుడు బాగా తెలిసింది.

ఈటిమ్ అనేది విద్యుత్, ప్లంబింగ్, భవన నిర్మాణ సామగ్రి సాంకేతిక వివరాలను అందరూ ఒకే తీరున నమోదు చేయడానికి ఏర్పడిన వర్గీకరణ. ఇందులో ప్రతి వస్తువూ ఒకే ఒక తరగతిలోకి వెళ్లాలి. ఎంసీబీ (ఇళ్లలో వాడే చిన్న సర్క్యూట్ బ్రేకర్) అయితే ఈసీ000042, మా గ్లాండు అయితే ఈసీ000441. తరగతిని ఎంచుకోగానే దాని కింద పూరించవలసిన లక్షణాలన్నీ బయటికి వస్తాయి. కొన్నింటికి అవును లేదా కాదు అని చెప్పాలి, కొన్నింటికి ఒక సంఖ్య ఇవ్వాలి, కొన్నింటికి కనిష్ఠం, గరిష్ఠం అని రెండు సంఖ్యలు ఇవ్వాలి, మిగిలినవాటికి ముందే నిర్ణయించిన జాబితాలోంచి ఒక విలువను ఎంచుకోవాలి. లోహం ఇత్తడి అని మనం అక్షరాల్లో రాయము, ఇత్తడికి కేటాయించిన కోడ్ ఇస్తాము. జర్మనీలో ఆ ఫైలు తెరిచినవారికి అది జర్మన్‌లోనూ, ఆమ్‌స్టర్‌డామ్‌లో తెరిచినవారికి డచ్‌లోనూ కనబడుతుంది. 'బెస్ట్ క్వాలిటీ' అన్న మాటకు ఆ లక్షణాల్లో ఎక్కడా చోటు లేకపోవడం నాకు మొదటిరోజే నచ్చింది.

బార్‌కోడ్ నంబర్లు మాకు ముందే ఉన్నాయి కాబట్టి ఆ గడి ఇబ్బంది పెట్టలేదు. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఉంటే చాలదా అని మా ఆడిటర్‌గారు అడిగారు. అది వస్తువు మీద ఎంత పన్ను పడుతుందో చెబుతుంది గాని ఆ వస్తువు మర (థ్రెడ్) ఎంతో చెప్పదని ఆయనకు వివరించవలసి వచ్చింది. తరగతుల జాబితాను ఉచితంగానే దింపుకున్నాము.

అసలు కష్టం మేము నియమించుకున్న డేటా సంస్థతో మొదలైంది. వారి పేరు రాయను. కేటలాగు పీడీఎఫ్ ఇస్తే చాలు, మిగిలినదంతా మేము చూసుకుంటామని చెప్పి సగం డబ్బు ముందే తీసుకున్నారు. మా కేటలాగు మన మార్కెట్ కోసం అచ్చు వేయించినది. గవర్నర్‌పేటలో కౌంటర్ దగ్గర నిలబడిన ఎలక్ట్రీషియన్ "నాలుగు కోర్, రెండున్నర స్క్వేర్‌కి గ్లాండ్ ఇవ్వండి" అని అడుగుతాడే తప్ప కేబుల్ బయటి వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో ఏనాడూ చెప్పడు, మేమూ అడగము. అందుకే మా కేటలాగులో కోర్లు (లోపలి తీగల సంఖ్య), స్క్వేర్ ఎంఎం (తీగ అడ్డుకోత వైశాల్యం) మాత్రమే ఉన్నాయి. ఈటిమ్ అడిగేది మాత్రం గ్లాండులో పట్టే కేబుల్ వ్యాసం, అదీ కనిష్ఠం, గరిష్ఠం విడివిడిగా. ఆ సంఖ్యలు కేటలాగులో లేవు కాబట్టి వాటికోసం మాకు ఫోన్ చేయడం ఆ సంస్థ ధర్మం. అలా చేయకుండా, ఎం25 గ్లాండుకు కనిష్ఠం 25, గరిష్ఠం 25 అని, ఎం32 గ్లాండుకు 32, 32 అని, పేరులో ఉన్న అంకెలనే దింపి పంపేశారు.

ఆ తరువాత వీడియో కాల్ జరిగింది. అటువైపు కొనుగోలుదారుల డేటా విభాగంలో పనిచేసే ఒకావిడ, ఇటువైపు నేను, మా తమ్ముడు, హైదరాబాద్ ఏజెంటు, డేటా సంస్థ కుర్రాడు ఉన్నాము. ఆవిడ చాలా మర్యాదగా, మర బయటి వ్యాసమే 25 మిల్లీమీటర్లున్న గ్లాండు లోపలి రంధ్రంలోంచి 25 మిల్లీమీటర్ల కేబుల్ ఎలా దూరుతుందో ఒకసారి చూపించగలరా అని అడిగింది. ఎం25 అన్న పేరులోని 25 బయటి మర వ్యాసమే. గోడ మందం, లోపలి రబ్బరు పోగా లోపలికి పట్టేది ఎంతో చిన్న కేబుల్. ఈ సంగతి మా యూనిట్‌లో టీ తెచ్చే కుర్రాడికి కూడా తెలుసు. డేటా సంస్థ కుర్రాడు తడుముకోకుండా, అది స్క్వేర్ ఎంఎం లెక్క అన్నాడు. ఆవిడ తెర మీద ఎం63 వరుస తెరిచి, అయితే ఇది 63 స్క్వేర్ ఎంఎం కేబులా, అటువంటి సైజు ఎక్కడ దొరుకుతుంది అని అడిగింది. అతని దగ్గర సమాధానం లేదు. ఏజెంటు నా వైపు తిరిగి, అందరూ వింటుండగా, "మీ సరుకు గురించి మీకే తెలియకపోతే ఎలా సార్" అన్నాడు. ముప్పై ఏళ్లుగా లేతు మీద మరలు కోసిన ఇంటివాళ్లం మేము. ఆ మాట అన్న పెద్దమనిషి జన్మలో ఒక గ్లాండు బిగించి ఉండడు.

మర్నాడు మా పెద్ద మేస్త్రిగారికి విషయం చెప్పాను. "ఇంతేనా బాబూ, ఒక పూట లేతు ఆపితే తేలిపోద్ది" అన్నారాయన. స్టీలు కడ్డీలను అర మిల్లీమీటరు తేడాతో తీసి, ఒక్కొక్క గ్లాండులో దూర్చి టోపీ నట్టు బిగించారు. నట్టు పూర్తిగా బిగిసినా వేలితో లాగితే కడ్డీ జారి వస్తే అది కనిష్ఠానికి కిందిది. రబ్బరు రింగు మడత పడకుండా లోపలికి దిగిన చివరి కడ్డీయే గరిష్ఠం. నేను వెర్నియర్‌తో కడ్డీని మళ్లీ కొలిచి రిజిస్టరులో రాసుకుంటూ పోయాను. చివరి సైజు దగ్గర ఆయన రింగు బయటికి తీసి దీపం వెలుగులో చూపించారు. ఒకవైపు అంచు కోసుకుపోయి ఉంది, అందుకని ఆ కడ్డీని లెక్కలోంచి తీసేశాము. నట్టు ముఖాల మధ్య దూరం, అంటే స్పానర్ సైజు, మర పొడవు కూడా అప్పుడే కొలిచాము. డబ్బిచ్చి కంప్యూటర్ల దగ్గర వెతికించినది మా షెడ్డులోనే దొరికింది.

ఆ కాల్ తరువాత మిగతా గడులనూ నేనే కూర్చుని చూశాను, చూసినకొద్దీ ఒళ్లు మండింది. హాలోజెన్ లేనిదా అన్న ప్రశ్నకు అన్నింటికీ అవును అని పెట్టారు. మేము వాడే రింగుల్లో కొన్ని నియోప్రీన్‌వి, నియోప్రీన్‌లో క్లోరిన్ ఉంటుంది, క్లోరిన్ హాలోజెనే. నైట్రైల్ రింగులున్న వరుసలకు మాత్రమే అవును అని ఉంచాను. దుమ్ము, నీరు లోపలికి రాకుండా ఎంతవరకు ఆపుతుందో చెప్పే ఐపీ రక్షణ గడిలో అన్నింటికీ 68 అని ఉంది. 65 అంటే దుమ్ము చొరబడకూడదు, నీటిధారను తట్టుకోవాలి. 68 అంటే నీటిలో మునిగి ఉన్నా తట్టుకోవాలి, ఎంత లోతులో, ఎంతసేపు అన్నది తయారీదారే చెప్పి పరీక్షతో నిరూపించాలి. మా చేతిలో ల్యాబ్ రిపోర్టు ఏ సైజులకు ఉందో వాటికే 68 ఉంచి, మిగిలినవాటిని తగ్గించాను. తగ్గిస్తే ఆర్డరు పోతుందని ఏజెంటు భయపెట్టాడు. పోలేదు.

మర రకం దగ్గర కూడా జాగ్రత్త అవసరం. మన ప్యానెల్ షాపుల్లో పీజీ 13.5 (పాత జర్మన్ మర కొలత) అడిగితే ఎం20 (మెట్రిక్ మర) ఇచ్చి పంపడం మామూలే. పీజీ 13.5 మర బయటి వ్యాసం 20.4 మిల్లీమీటర్లు, అంగుళానికి 18 చుట్లు. ఎం20 మర చుట్టుకు చుట్టుకు దూరం 1.5 మిల్లీమీటర్లు. కౌంటర్ మీద చెల్లిన ఈ సర్దుబాటు ఫైలులో చెల్లదు, ఎందుకంటే పీజీకి, మెట్రిక్‌కు వేర్వేరు కోడ్లు ఉన్నాయి, అటువైపు డ్రాయింగ్ గీసే ఇంజనీరు ఆ కోడ్‌ను నమ్మే ప్యానెల్‌కు రంధ్రం వేయిస్తాడు.

ఈ పనికి దిగబోయేవారు కొనుగోలుదారు ఈటిమ్ ఏ వెర్షన్ వాడుతున్నాడో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. 2022 చివర 9వ వెర్షన్, 2024 చివర 10వ వెర్షన్ వచ్చాయి, ఒకదాని ప్రకారం నింపిన లక్షణాలు మరొకదానిలో అచ్చంగా సరిపోతాయని అనుకోకూడదు. వర్గీకరణ వేరు, దాన్ని పంపే ఫైలు రూపం వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. మమ్మల్ని బీఎంఈక్యాట్ అనే ఎక్స్‌ఎంఎల్ రూపంలో అడిగారు, దాన్ని తయారు చేయడానికి మాత్రం కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలి. కొలతలు మీరే తీయించండి, ఆ మనిషికి టైపింగ్ పని వరకే అప్పగించండి.

డేటా సంస్థవారు ఫైలు పాసయిందని ఎలా తెలుసుకున్నారో గాని, రెండో విడత డబ్బు కోసం ఈ ఉదయం ఫోన్ చేశారు. ఎం63 గ్లాండులో 63 మిల్లీమీటర్ల కేబుల్ దూర్చి వీడియో తీసి పంపితే వెంటనే బదిలీ చేస్తానని చెప్పాను.