వాళ్ళ నాన్న అంటే ఎవరి నాన్న?

ఎవరి నాన్న ఆసుపత్రిలో ఉన్నాడో నాకింకా తెలియలేదు.

తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతుంటే ఒక కథలో తగిలిన వాక్యం ఇది: "రవి సురేష్‌కి ఫోన్ చేసి వాళ్ళ నాన్న ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పాడు. వాడు వెంటనే బయలుదేరాడు." వాళ్ళ నాన్న అంటే రవి వాళ్ళ నాన్నా, సురేష్ వాళ్ళ నాన్నా? బయలుదేరింది ఎవరు? తేలుతుందేమోనని మిగతా పేజీ అంతా చదివాను. నాన్న కోలుకున్నాడు, ఇంటికి వచ్చాడు, అందరూ సంతోషించారు. ఎవరి ఇంటికి వచ్చాడో మాత్రం ఎక్కడా లేదు.

కింద గీత గీసి అరమార్కు తీశాను. పేపరు చేతికి రాగానే పిల్లవాడు వచ్చి, "మేడం, రవి వాళ్ళ నాన్నే కదా, తెలిసిపోతోంది కదా" అన్నాడు. వాడు మొండిగా వాదించలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. కథ మొత్తం వాడి బుర్రలో ఉంది, కాగితం మీద కూడా అలాగే ఉందనుకుంటున్నాడు. ఈలోపు పక్కన పేపర్లు దిద్దుతున్న మేడం, "అర్థమైతే చాలు కదండీ, వేసేయండి" అన్నారు. సాయంత్రం నుంచీ ఆ మాటే తిరుగుతోంది బుర్రలో. అర్థమైతే నేనెందుకు తీస్తాను?

పిల్లల మీద నాకేం కోపం లేదు. కోపమంతా వాళ్ళకి నేర్పిన పద్ధతి మీద. నామవాచకానికి బదులుగా వాడేది సర్వనామం. ఈ నిర్వచనం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. దాని కింద ఎప్పుడూ ఒకటే అభ్యాసం: గీత గీసిన పేర్లకు బదులు సర్వనామాలు రాయండి. "సీత బడికి వెళ్ళింది. సీత పాఠం చదివింది." రెండో సీతని కొట్టేసి ఆమె అని పెడితే మార్కు. ఆ వాక్యాల్లో ఎప్పుడూ ఒక్క సీతే ఉంటుంది, ఆమె పక్కన ఇంకో అమ్మాయి ఉండదు. ఇంకో అమ్మాయి వచ్చినప్పుడే కదా అసలు చిక్కు! ఇద్దరున్న చోట ఆమె అంటే ఎవరు, ఎవరో తెలియకపోతే వాక్యాన్ని ఎలా తిరగరాయాలి అని అడిగే ప్రశ్న నేను దిద్దిన వర్క్‌బుక్కుల్లో ఒక్కటీ చూడలేదు. పేరు తీసేయడం నేర్పించాం, ఎక్కడ తీయకూడదో నేర్పలేదు. పైగా పేరు రెండోసారి కనిపిస్తే అదేదో తప్పన్నట్టు ఎర్ర గీతలు. ఏళ్ళ తరబడి అలా దిద్దించుకున్న పిల్ల పద్నాలుగేళ్ళకి కథ రాయబోతే, మొదటి లైనులో పేర్లు చెప్పేసి ఇక అన్నీ వాడు, అతను, వాళ్ళు అని రాయక ఏం చేస్తుంది?

అర్థమైతే చాలు అనేవాళ్ళకి మా అత్తయ్య ఉత్తరం చూపించాలి. ఉత్తరం ఇప్పుడు లేదు గానీ ఆ లైన్లు నాకు నోటికి వచ్చు. నేను అప్పుడు ఈ పిల్లల వయసులోనే ఉన్నాను. ఇంట్లో ఫోన్ లేదు. "గాలివాన బాగా పట్టింది. వెనక గోడ కూలింది. చిన్నది అప్పుడు అక్కడే ఉంది. అది బాగవడానికి నెల పడుతుందన్నారు. ఆయన రోజూ వచ్చి చూసి వెళ్తున్నారు." నాన్న చదివి గోడ పడిందట అని మడిచి పక్కన పెట్టారు. అమ్మ తీసి చదివింది. చదువుతూనే కూలబడిపోయింది. అమ్మకి అది అంటే గోడ కాదు, చిన్నది. రోజూ వచ్చి చూసే ఆయన డాక్టరు. నాన్నకి ఆయన మేస్త్రీ. "గోడని రోజూ వచ్చి చూసేదేముంది?" అని అమ్మ. "పిల్లకి దెబ్బ తగిలితే దెబ్బ తగిలిందని రాయదా?" అని నాన్న. ఒక్కో మాట మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివారు. ఎటు చదివితే అటు సరిపోతోంది. నన్ను పిలిచి చదవమన్నారు. నాకు ఒకసారి గోడలా, ఇంకోసారి పిల్లలా వినిపించింది. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. తెల్లారి మొదటి బస్సుకి నాన్న వెళ్ళారు. వెళ్ళేసరికి చిన్నది కూలిన ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆడుకుంటోందట. నాన్న అత్తయ్యని ఒక్క మాట కూడా అనలేదు. మంచినీళ్ళు తాగి చాలాసేపు అరుగు మీదే కూర్చున్నారట. ఇటు ఆయన తిరిగి వచ్చేదాకా అమ్మ గుమ్మంలోనే.

అత్తయ్య ఎదురుగా కూర్చుని చెప్పి ఉంటే ఇందులో ఏ గొడవా లేదు. అది అన్నప్పుడు చెయ్యి గోడ వైపు చూపించేది. చిన్నది అన్నప్పుడు గొంతులో ముద్దు ఉండేది. కాగితానికి చెయ్యీ లేదు, గొంతూ లేదు.

ఇంకో చిరాకు కూడా చెప్పుకోవాలి, మళ్ళీ ఎప్పుడో రాస్తాననుకుంటే మర్చిపోతాను. పరీక్షలో వాడు అని రాయకూడదు, మర్యాద కాదు అని పిల్లల్ని బెదిరిస్తాం. తెలుగు మనకిచ్చిన సదుపాయాన్ని మనమే లాక్కోవడం ఇది. వాడు, అతను, ఆయన, వారు. ఒక్క మగమనిషికి ఇన్ని మాటలున్నప్పుడు ఇద్దరు మగవాళ్ళున్న పేరా ఎంత సులువుగా నడుస్తుంది! "మాస్టారు రవిని పిలిచారు. ఆయన అడిగిందేమిటో వాడికి అర్థం కాలేదు." ఒక్క పేరూ తిరిగి చెప్పలేదు, ఎక్కడా తడబాటు లేదు. మర్యాదే ఎవరు ఎవరో చెప్పేసింది. అందరినీ అతను చేసేయండి, "అతను అడిగిందేమిటో అతనికి అర్థం కాలేదు" అవుతుంది. ఇది రాసిన పిల్లకి నేను మార్కు తీయాలి, తీస్తే ఆ పిల్ల "మీరే కదా వాడు అని రాయొద్దన్నారు" అంటుంది. అన్నాం కూడా, పోయిన ఏడాది క్లాసులో.

"తను" మీద ఒక పేజీ తిట్టి పోద్దామని కూర్చున్నాను అసలు. "రమ లతకి తన పుస్తకం ఇచ్చింది" అంటే పుస్తకం రమది. తన ఎప్పుడూ కర్త దగ్గరికే వెళ్తుంది, అందుకే అంత పనికొచ్చే మాట అది. ఇప్పటి పిల్లలు ఎవరినైనా తను అంటారు. దాంతో ఆ పుస్తకం లతదీ కావచ్చు, ఇంకెవరిదైనా కావచ్చు. ఇందాక మా పెద్దది ఫోన్లో "తనేమో తనకి చెప్పిందంట, తను మళ్ళీ నాకు చెప్పింది" అంటోంది. ఫోన్ పెట్టాక పట్టుకుని అడిగాను, ఎవరెవరే ఆ తనులు అని. ఒక్క క్షణం ఆగకుండా ముగ్గురి పేర్లూ వరసగా చెప్పింది. పోనీ ఆమె అనొచ్చు కదా అన్నాను. "ఆమె అంటే పాఠంలా ఉంటుందమ్మా. ఆవిడ అంటే ఆంటీలా ఉంటుంది. అది అంటే తను ఫీలవుతుంది. ఇంకేమనాలి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. తోటి అమ్మాయిని చిన్నబుచ్చకుండా, అలాగని పెద్దరికం కట్టబెట్టకుండా పిలవడానికి తెలుగులో మాట ఏది? మగపిల్లాడికి అతను ఉంది, అమ్మాయికి అంత చనువుగా సరిపోయేది లేదు. ఆ ఖాళీలోకి పిల్లలు తనుని తెచ్చుకున్నారు. స్నేహితురాలిని తక్కువ చేయకూడదని వెతుక్కున్న మాట మీద నేనెందుకు కత్తి కట్టాలి? తిట్టడం మానేశాను. రాతలో తన ఎవరిదో తేలేలా రాయమని మాత్రం అడుగుతాను. అది అడిగే హక్కు నాకుంది.

అరమార్కు పోయిన పిల్లవాడి వాక్యాన్ని మధ్యాహ్నం బోర్డు మీద రాసి బాగుచేయమన్నాను. ఎక్కువమంది పేర్లు కుక్కారు: "రవి సురేష్‌కి ఫోన్ చేసి రవి వాళ్ళ నాన్న ఆసుపత్రిలో ఉన్నాడని రవి చెప్పాడు." అనుమానం పోయింది, దాంతోపాటు తెలుగూ పోయింది. వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని అమ్మాయి లేచి, "మా నాన్న ఆసుపత్రిలో ఉన్నాడురా అని రవి సురేష్‌కి ఫోన్ చేశాడు" అంది. "మా" అనే ఒక్క మాటతో నాన్న ఎవరో తేలిపోయాడు. రవి గొంతు కూడా వినిపించింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా. వెంటనే ఇంకో జత రాశాను బోర్డు మీద: "వస్తానని రవి అన్నాడు", "వస్తాడని రవి అన్నాడు". వచ్చేది ఎవరు అంటే క్లాసంతా ఒక్కసారే అరిచింది, మొదటిదాంట్లో రవి, రెండోదాంట్లో వేరే ఎవడో అని. సర్వనామం ఒక్కటీ లేదు, అంతా క్రియ చివర్లోనే ఉంది. ఇది వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, వచ్చు. వచ్చిన దాన్ని కాగితం మీదకి ఎక్కించడమే మిగిలింది.

రేపటికి ఇద్దరు అమ్మాయిలనీ ఒక పిల్లినీ ఇస్తున్నాను. మన భాషలో ఒక్కర్తే అమ్మాయి అయితే క్రియ పిల్లికీ ఆమెకీ ఒకటే: వచ్చింది, భయపడింది, పరుగెత్తింది. "రమ లోపలికి వచ్చింది. లత పిల్లిని చూసింది. భయపడి అరిచింది. బయటికి పరుగెత్తింది." అరిచింది ఎవరు, పరుగెత్తింది ఎవరు, వాళ్ళే తేల్చుకుని తిరగరాయాలి. ఏ పేరూ రెండుసార్లకి మించి రాకూడదు. రాశాక కాగితం పక్కవాళ్ళకి ఇవ్వాలి, పక్కవాళ్ళు చదివి ఎవరు పరుగెత్తారో చెప్పాలి. అప్పటిదాకా రాసినవాళ్ళు నోరు విప్పకూడదు, చెయ్యి చూపించకూడదు. పక్కవాళ్ళు తప్పు చెబితే మళ్ళీ రాయాల్సింది రాసినవాళ్ళే.