బ్యాలే నేర్చుకునే జంతువుల బొమ్మల్లో కాళ్లు

జంతువులు బ్యాలే నేర్చుకునే బొమ్మల పుస్తకం ఏది చేతికి వచ్చినా నేను మొదట చూసేది వాటి కాళ్లనే. కథ ఎంత ముచ్చటగా ఉన్నా, మనిషి ఒంటి మీద ఎలుగుబంటి తలను పెట్టి, నడుముకు గులాబీ రంగు కుచ్చుల పావడా చుట్టిన బొమ్మలు నాకు నిరాశే కలిగిస్తాయి. అక్కడ నాట్యం నేర్చుకుంటున్నది ఎలుగుబంటి అని నమ్మడం కష్టం.

బ్యాలేకు పునాది పాదాల ఐదు స్థానాలు. 1661లో రాజ నాట్య అకాడమీని నెలకొల్పిన ఫ్రాన్స్ రాజు పద్నాలుగవ లూయీ కొలువులో నాట్యాచార్యుడైన పియర్ బోషాం వీటిని క్రమబద్ధం చేశాడని చెబుతారు. ఈ ఐదింటిలోనూ కాళ్లను తుంటి కీలు దగ్గర నుంచే బయటికి తిప్పాలి. ముందుకూ వెనక్కూ పరుగు తీయడానికి అనువుగా ఏర్పడిన గుర్రం కాలికి ఇది చాలా కష్టమైన పాఠం. అయితే నర్తకి ఏళ్ల తరబడి సాధన చేసి, గట్టి ముక్కున్న బూట్ల సాయంతో సాధించే మునివేళ్ల నిలకడ గుర్రానికి పుట్టుకతోనే ఉంది, అది నిలబడేదే ఒక్కొక్క వేలి కొన మీద! పిల్లి కూడా మడమ ఎత్తే నడుస్తుంది. మనలాగే మడమను నేలకు ఆనించి నడిచే ఎలుగుబంటికి మాత్రం మునివేళ్లపై లేవడం నిజమైన విజయం, కాబట్టి పుస్తకంలో పెద్ద పేజీ దానికే దక్కాలి.

రాజహంస విషయంలో చాలామంది చిత్రకారులు తడబడతారు. దాని కాలి మధ్యలో వెనక్కి వంగే మోకాలిలా కనిపించేది నిజానికి చీలమండ. అసలు మోకాలు ఈకల చాటున, పొట్టకు దగ్గరగా ఉంటుంది. మోకాళ్లు వంచే ‘ప్లియే’ను గీసేటప్పుడు ఈ తేడా తెలిసిన చేయి ఇట్టే తెలిసిపోతుంది. పెద్ద ఏనుగు గెంతలేదు. దానిని గాలిలోకి లేపి నవ్వించడం కంటే, చేతుల కదలికలను నేర్పే పాఠంలో తొండాన్ని మెల్లగా పైకి సాగదీస్తున్నట్టు చూపితే ఎంత బాగుంటుంది!

మరొక కోరిక కూడా ఉంది. రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లొవా కోసం నృత్య దర్శకుడు మిఖాయిల్ ఫోకిన్ కూర్చిన మరణిస్తున్న హంస నృత్యం నేటికీ ప్రసిద్ధమే. ఆమె తన లండన్ ఇంటి చెరువులో హంసలను పెంచింది కూడా. అందుకే ఇలాంటి పుస్తకంలో హంస ఉంటే, దానిని విద్యార్థుల వరుసలో కాక, మెడ వంపును మిగిలినవారికి చూపించే గురువు స్థానంలో గీయమని చిత్రకారులను కోరుతున్నాను.