హార్మోనియాన్ని స్వచ్ఛమైన స్వరాలకు మార్చుకోవడం: నా అనుభవం

కొత్త హార్మోనియం సమవిభాగ శ్రుతిలో వస్తుంది, మెట్టుకీ మెట్టుకీ మధ్య సరిగ్గా 100 సెంట్లు (సెంటు అంటే స్వరాల దూరానికి చిన్న కొలత, ఒక స్థాయికి 1200). పంచమానికి దీనివల్ల పెద్ద నష్టం లేదు, స్వచ్ఛమైన దానికన్నా 2 సెంట్లే తగ్గుతుంది. అంతర గాంధారం (షడ్జం నుంచి నాలుగో మెట్టు) మాత్రం 14 సెంట్లు ఎక్కువ పలుకుతుంది. తంబూరా షడ్జం తీగలోనే స్వచ్ఛమైన గాంధారం మోగుతుంటుంది కాబట్టి పక్కన ఈ తేడా దాగదు. ఒకటో శ్రుతిలో (షడ్జం C) మధ్యస్థాయి స, గ కలిపి నొక్కితే సెకనుకు దాదాపు పదిసార్లు అల కొడుతుంది, అంటే ధ్వని పెరిగి తగ్గుతుంది. ఆ అల ఆగేదాకా రీడ్ (గాలికి మోగే ఇత్తడి పలక) గీకడమే అసలు పని.

ముందు షడ్జం తేల్చుకోవాలి. దూరాలన్నీ ఆ ఒక్క షడ్జానికే కుదురుతాయి కాబట్టి ఒకటిన్నర శ్రుతికి (C#) సరిచేసిన పెట్టె ఐదు శ్రుతికి (G) పనికిరాదు. అందుకే నేను పాత పెట్టె ఒకటి దీనికోసమే విడిగా పెట్టుకున్నాను.

ఒక వరస రీడ్లే మోగేలా స్టాపర్లు (వరసలను తెరిచి మూసే గుబ్బలు) మూశాను. మరలు విప్పి రీడ్ బయటికి తీసి, దానిలో అదిరే నాలుక కింద పల్చని స్టీలు రేకు దూర్చి, చిన్న ఆకురాయితో గీకాలి. కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, రివెట్ దగ్గర గీకితే దిగుతుంది. గాంధారం 14, చతుశ్శ్రుతి ధైవతం (తొమ్మిదో మెట్టు) 16, కాకలి నిషాదం (పదకొండో మెట్టు) 12 సెంట్లు దిగాలి, కాబట్టి ఎక్కువ పని రివెట్ దగ్గరే. అక్కడ ఎక్కువ గీకితే నాలుక బలహీనపడుతుంది. రెండు మూడు గీతలు గీకి, ఇత్తడి పొడి బ్రష్‌తో దులిపి, పెట్టెలో బిగించాకే వినాలి. చేతిలో పలికే శ్రుతి వేరు, పెట్టెలో వేరు. తిత్తి గట్టిగా కొట్టినా శ్రుతి దిగుతుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే ఒత్తిడి ఉండాలి.

చిక్కంతా ధైవతంతోనే. దాన్ని షడ్జం నుంచి 884 సెంట్లకు దింపితే గాంధారంతో చక్కగా కలుస్తుంది, కానీ 204 దగ్గరున్న రిషభం నుంచి 680 సెంట్లే ఉంటుంది. స్వచ్ఛమైన పంచమ దూరానికి 22 తక్కువ. 906కి పెంచితే రి-ద కుదురుతాయి, గ-ద చెడతాయి. మోహన రాగం పాడేవాళ్లకు వాయిస్తాను గనుక 884 ఉంచాను. తోడి రాగంలోని గాంధారం జోలికి పోలేదు. అది గమకంలో (స్వరాన్ని ఊపి పలకడంలో) ఉంటుంది, రీడ్‌లో దొరకదు.

గీకిన రీడ్లు మర్నాటికి కాస్త కదులుతాయి, మళ్లీ వినాలి. ఆ తర్వాతే రెండో వరసను దీనికి కలపాలి. మే నెల ఎండలో ఇంట్లో సరిచేసిన పెట్టె రవీంద్రభారతి ఏసీలో మొత్తంగా కొద్దిగా పైకి జరుగుతుంది. స్వరాల మధ్య దూరాలు చెడవు గానీ, ఎలక్ట్రానిక్ తంబూరాను హార్మోనియానికి కలుపుకోవాలి.